ద్రౌపదమ్మకు పెట్టిన సవరం

ఏం మే ప్రసన్నా, ఆ తెల్ల అట్ట ఇల్లంతా రాలిపోతా ఉండాదే, ఏం చేస్తా ఉండావు? కిరీటమా? ఇస్కూల్లో నీ కొడుకు ధర్మరాజా? బాగుండాది. నల్లగా, పొట్టిగా, మూతి ముడుచుకోని, వాడికి ధర్మరాజు సరిపోతాడులే. కానీ ఆ ముందర కొస బరువెక్కువైంది చూడు, పెడతానే నొసటి మీదికి జారతాది. లోపల పాత గుడ్డ మెత్తగా మడిచి కుట్టు. తలకాయ నొచ్చే రాజు యుద్ధమేం చేస్తాడు అనేవాడు మా నాయన. నవ్వొద్దు, నిజంగానే అనేవాడు. ఆయప్ప చేసిన కిరీటం పెట్టుకుంటే తెల్లార్లూ ఎగిరినా చెవి మీద గీత పడేది గాదంట. జరుగు, నేను ఈడ గోడకానుకోని కూర్చుంటా. ఆ చెమ్కీ డబ్బా ఇట్లియ్యి, ఊరికే పట్టుకుంటా.

మా నాయన మునిరామయ్య, నీకు ముత్తాత. నువ్వు చూడలా, నువ్వు పుట్టేనాటికే లేడు. పలమనేరు నుంచి పుంగనూరు పోయే దారిలో మా ఊరు. ఆ చుట్టుపట్ల భారతం కట్టే ఊర్లన్నిటికీ కిరీటాలు, భుజకీర్తులు, గదలు, విల్లులు అన్నీ ఆయప్పే చేసేది. భారతమంటే నీకు టీవీలో వచ్చిందే తెలుసు. మా పక్క ధర్మరాజుల గుడి ఉండే ఊర్లో ఎండాకాలం వస్తానే భారతం పెడతారు. మద్ద్యానం పూట హరికథ, పొద్దు మునిగినాక నాటకం. ఆఖరున ఒక పొద్దు తెల్లార్తానే దుర్యోధన వధ. గుడి ముందర మట్టితో దుర్యోధనుణ్ణి పండబెడతారు, ఎంత పొడుగంటే వాడి కాళ్ళ కాడ నిలబడితే మీసం సరిగ్గా కనపడదు. భీముడేషం కట్టినాయన గద తీస్కోని తొడ మీద కొడతాడు. తొడలో దాచిన ఎర్రనీళ్ళు చిమ్ముతాయి. అంతదాకా జుట్టు విరబోసుకోని తిరిగిన ద్రౌపదమ్మ ఆ ఎరుపు తలకు పూసుకోని కొప్పు ముడేసుకుంటాది. చూసే ఆడోళ్ళందరికీ కండ్లల్లో నీళ్ళు. ఆటని తెలుసు, ఆ ద్రౌపది ఎద్దుల బేరం చేసే చెంగయ్య అని తెలుసు, అయినా ఏడుస్తారు. నేనూ ఏడ్చినా.

కిరీటానికి బూరుగు కొయ్య, ఎందుకంటే తేలిక. దాని మీద చింతగింజలు ఉడకబెట్టి తీసిన బంక, బంక మీద అద్దం పెంకులు, సిగరెట్టు పెట్టెల్లో వచ్చే తళతళ కాగితం. పాత కాగితాలు నానేసి, మెంతులు కలిపి మా అమ్మ రోట్లో రుబ్బితే, ఆ ముద్దతో చిలకలు, హంసలు, పువ్వులు చేసి అంచుకు పెట్టేవాడు. భీముడి గదకు ఎండిన సొరబుర్ర. దాని మీద గుడ్డ అంటించి, ఆరబెట్టి, మళ్ళా గుడ్డ అంటించి. ఒక ఏడు బాలసుబ్రమణ్యం అని భీముడేషగాడు ఒకటే పోరు, ఏం మునిరామన్నా, ఇది ఎత్తితే గాలికి పోతా ఉండాది, భీముడికి రవంత బరువుండొద్దా అని. మా నాయన సరే అని బుర్రలో గులకరాళ్ళు పోసి మూసేసినాడు. ఇంకేముంది, ఆ భీముడు గద ఎత్తినప్పుడల్లా గలగలగల. దుర్యోధనుడేమో మీసం తిప్పి ఏదో పద్యం ఎత్తుకుంటే జనమంతా పకపకా నవ్వడం. దిగినాక బాలసుబ్రమణ్యం కొట్టడానికి వస్తే, నువ్వు బరువే గదా అడిగితివి, సప్పుడు వద్దని చెప్పితివా అన్నాడంట. మా నాయన అట్ల ఉండేవాడు, మా అమ్మ ఉన్నప్పుడు. ఆ తర్వాత ఆ మాదిరి ఎకసెక్కాలు ఆయప్ప నోట నేను వినలా.

మా అమ్మ కోమలి. నాకు మొగం గుర్తులేదు. ఫోటో లేదు. ఆ కాలంలో ఎవురు తీసినారు ఫోటోలు. చెప్పినోళ్ళందరూ జుట్టే చెప్పినారు. కూర్చుంటే నేలమీద చుట్టుకునే జుట్టంట. తలంటిన దినం ఆరబెట్టుకోను వాకిట్లో దండెం మీద ఏసుకోని నిలబడేదంట, గుడ్డ ఆరేసినట్టు. కొప్పు ఏసేది గూడా అందరి మాదిరి గాదు. ఎడమ పక్కకు, చెవి వెనకాల, రవంత కిందికి జారినట్టు. మా అత్త చంద్రకాంతమ్మ, మా నాయనకు అక్క, అదేం కొప్పే, పడిపోతా ఉన్నట్టు అనేదంట. పడదు వదినా అని నవ్వేదంట.

నాకు నడక వచ్చీరాని దినాల్లో జొరం వచ్చింది. కండ్లు తెరవలా, పాలు తాగలా. నాటు మందులు అయినాయి, పలమనేరు డాక్టరు అయినాడు. మా అమ్మ నన్ను ఒళ్ళో ఏసుకోని తిరుమల దిక్కుకు తిరిగి మొక్కుకునిందంట, స్వామీ, ఈ బిడ్డను నాకియ్యి, నా తలనీలాలు నీకిస్తా అని. మూడు కత్తెర్లు గాదు మే, గుండు. మొత్తం. మా నాయన, ముత్తైదువ్వి నిండు తల ఇస్తానంటావా అన్నాడు. అనేసినా, ఇంక మాట్లాడొద్దు అనిందంట. జొరం దిగింది. నేను ఈడ కూర్చోని నీతో వాగతా ఉండానంటే ఆ మొక్కే. మొక్కు తీర్చుకునేదానికి పోదామంటే మా నాయన, ఈ కిరీటానికి అద్దాలు అంటించేస్తే పోదాం అన్నాడు. అది అయిపోతే ఇంకో ఊరి భుజకీర్తులు. అది అయిపోతే వానలు. ఆయప్పకు ఆ జుట్టు పోతాదనే దిగులు, అదే అసలు సంగతి, పనేం గాదు. ఆయమ్మకూ తెలుసు, గట్టిగా అడగలా. ఇంతలో మళ్ళా కడుపుతో ఉన్నింది. కడుపుతో ఉండే ఆడది కొండ ఎక్కగూడదు అంటిరి. పురుట్లోనే పోయింది. ఆ బిడ్డ గూడా. ఆ జుట్టుతోనే పోయింది కట్టె మీద. స్వామికి ఇస్తానన్నది అగ్గికి ఇచ్చినామని మా నాయన గోడకు తల కొట్టుకున్నాడంట.

ఉండు, నీళ్ళు తాగనీ.

ఆ, అప్పుడేమైంది. ఆడోళ్ళు దువ్వుకున్నాక రాలిన వెంట్రుకల్ని పారేసేది లేదు గదా ఆ కాలంలో. చుట్ట చుట్టి చూరులో దోపుకోనుండేది, సవరాలోళ్ళు వస్తే ఇచ్చి సూదులో పిన్నీసులో తీసుకునేదానికి. మా అమ్మకు అంత జుట్టుండె గదా, అంత రాలేది. ఎవురికీ ఇయ్యలా, ఎందుకు దాచిందో ఏమో. చూరులో, గోడ సందుల్లో, అటక మీద పాత కుండలో. ఇంటి పైన కప్పిన బోద కసువు మార్చేటప్పుడు కప్పు విప్పితే ఒకటొకటే రాలినాయంట, నల్ల పిచ్చుక గూళ్ళ మాదిరి. మా నాయన ఆ కసువు పని ఆపేసి అన్నీ ఏరుకున్నాడు. సీకాయతో కడిగి నీడలో ఆరబెట్టినాడు. రాలిన జుట్టుతో సవరం చేసేది అంత సులువు గాదు. కుదురు ఏది, కొస ఏది అని తెలీదు, కలగాపులగంగా ఉంటాది. కుదుర్లన్నీ ఒక పక్కకు రాకపోతే రెండు దినాలకే చిక్కు పడిపోతాది. ఒక్కో వెంట్రుకను రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపితే అది కుదురు ఉండే పక్కకే పాకతాది. నువ్వు ఎటు నలిపినా అది కుదురు పక్కకే పోతాది. కావాలంటే నీది ఒకటి తీసి చూసుకో. ఆ మాదిరి ఒకటొకటే సర్ది, దారానికి కట్టి, అట్ల ఎంత కాలం చేసినాడో. రాత్రీ పగలూ కాదు గానీ, పని లేనప్పుడల్లా అదే. నేను పక్కన కూర్చోని చూస్తా ఉంటే ఒకసారి అన్నాడు.

“తల యాడుండాదో దానికింకా తెలుసు పాపా.”

ఆ సవరం కొండకు ఇచ్చేదానికే చేసినాడు. ఆమె తల ఇయ్యలేకపోతిమి, ఇదన్నా ఇస్తాం అని. చేసి గోడకు తగిలించినాడు, మంచి దినం చూసి పోదామని. ఇంతలో చెంగయ్య వచ్చినాడు. ద్రౌపదేషం చెంగయ్య. పెద్ద గొంతు, నోట్లో ఎప్పుడూ పొగాకు, కానీ చీర కట్టినాడంటే ఆడోళ్ళే కుళ్ళుకోవల్ల. అంతకు ముందు ఆయప్ప ద్రౌపదికి పెట్టుకునేది జనప నారకు మసి పూసింది. గోడకుండేది చూసి, ఓయబ్బ, మునిరామా, నాకోసమేనా అని తీసి తలకు పెట్టుకున్నాడు, అద్దం కోసం ఎతుక్కుంటా అటు తిరిగినాడు. అంతే. వెనక నుంచి చూసేతలికి మా నాయనకు మా అమ్మే నిలబడినట్టుండె. ఆ వీపు మీద ఆ జుట్టు ఆడే ఆట అదే. కాదు నీకు గాదు అని చెప్పాల్సినోడు, పట్టుకపో, జాగ్రత్త అన్నాడు.

ఆ ఏటి నుంచి భారతం వస్తే చాలు, మా నాయన సవరం కడిగి, దువ్వి, సాంబ్రాణి పొగ పట్టి చెంగయ్యకు తనే కట్టేవాడు. చెంగయ్య ఊరుకుంటాడా, నా పెండ్లాం గూడా నా తలకాయ ఇంత ప్రేమగా పట్టుకోలేదు మునిరామా, నన్ను చేసుకో అని ఎగతాళి. ఆట మొదలైతే అందరూ ముందర చాపలేసుకోని కూర్చుంటారు గదా, మా నాయన తెర వెనకాల నిలబడేవాడు. ద్రౌపదిని వస్త్రాపహరణంలో ఈడుస్తా ఉంటే ముందర జనమంతా ఏడుస్తా ఉంటారు, వెనక ఈయప్ప ఊరికే నిలబడి చూస్తా ఉంటాడు. ఏం నాయనా, ముందరికి పోదాం, ఏం కనపడతా లేదు అంటే, నాకు కనపడతా ఉండాది పాపా అనేవాడు. వచ్చే ఏడు ఇచ్చేద్దాం కొండకు, ఈ భారతం ఒకటి అయిపోనీ. ప్రతి ఏడూ అదే మాట.

మా అత్త చంద్రకాంతమ్మ ఊరుకునే మనిషి గాదు. నాకు నెత్తిన నూనె పెట్టింది, గంజి పోసి పెంచింది ఆయమ్మే. గొంతు ఎట్లుండేదంటే, ఇంత దూరం నుంచే ‘రేయ్ మునిరామా’ అని వస్తే కోళ్ళు పక్కకు జరిగేవి. దేవుడి సొమ్ము తీసి ఎద్దుల బేరగాడి నెత్తిన పెడతావా, ఆ మొక్కు ఎవురి పేరు మీదుండాదో తెల్సా, ఈ పిల్ల పేరు మీద, రేపు దీనికేమన్నా అయితే ఎవురు పడతారు అని తిట్టేది. ఈయప్ప చింతగింజల బంక కలుపుకుంటా ఉంటాడు. స్వామి అడగలా గదక్కా అని ఒకసారి అన్నాడంట మెల్లగా. దానికి ఆయమ్మ పోయి గుడి కాడ కూర్చోని ఏడ్చిందంట. ఆయమ్మకు మాత్రం మరదలి మీద ప్రేమ లేకనా.

నాకు పెండ్లైంది. మీ తాత ఊరు పోయినా. పురిటికి మళ్ళా పుట్టింటికి వస్తిని, ఎండాకాలం, సరిగ్గా భారతం దినాలే. నిండు నెలలు, కాళ్ళు వాచి, నడిస్తే ఆయాసం. నన్ను చూసినప్పటి నుంచి మా నాయనకు నిద్ర లేదు. మా అమ్మ గూడా ఈ మాదిరే వాచిందంట, ఈ అరుగు మీదే ఇట్లే కాళ్ళు చాపుకోని కూర్చునిందంట. నాకు చెప్పలా, మా అత్తకు చెప్పినాడు. మా అత్త ఈసారి అరవలా. పక్కన కూర్చోని మెల్లగా అనింది.

“చూడు మునిరామా, పోయినదాని జుట్టు పట్టుకోని ఉండేదాన్ని పోగొట్టుకుంటావా?”

అంతే మే. ఆ మాటతో ఆయప్ప చేతిలో ఉండే కిరీటం కింద పెట్టేసినాడు. వధ అయిపోతానే పోతా అన్నాడు. ఆ ముందు రోజు మద్ద్యానం సవరం కడిగి, ఆరినాక తెచ్చి నా ఒళ్ళో పెట్టినాడు. పెట్టి బయటకు పోయినాడు. అన్నేండ్లూ చిన్నపిల్లవు, చిక్కు చేస్తావు అని నన్ను ముట్టుకోనియ్యలా గదా. మొగం దానిలో పెట్టుకున్నా. మా అమ్మ వాసన ఎట్లుంటాదో చూద్దామని. ఎంత ఎతికినా సాంబ్రాణి, సీకాయ, చెంగయ్య మొగానికి పూసుకునే అర్దళం, అదే ఆ పచ్చరంగు. అంతే. ఇప్పుడు గూడా యాడన్నా నాటకం జరిగే తావ ఆ రంగు వాసన వస్తే నాకు మా అమ్మ వచ్చినట్టుంటాది. ఏం చేసేది, నాకు తెలిసిన అమ్మ అంతే.

తెల్లార్తానే వధ. భీముడు కొట్టినాడు, ఎరుపు చిమ్మింది. ద్రౌపది చెంగయ్య మట్టి దుర్యోధనుడి మీదెక్కి నిలబడినాడు, జుట్టు విరబోసుకోని. ఎప్పుడూ తనే ముడేసుకుంటాడు. ద్రౌపదేషం కట్టినాయన్ను ఆ పూట ఇంకో మొగోడు ముట్టుకునేది లేదు. అమ్మవారే అని చూస్తారు, కాళ్ళకు దండాలు పెడతారు. మా నాయన జనంలోంచి లేచి పోయి కింద నిలబడి చేతులు జోడించి, నేను ముడేస్తా అన్నాడు. గుడి పెద్దలు గసురుకున్నారు, ఏందప్పా ఇది, ఆచారం తెలీదా అని. చెంగయ్య ఒక్కసారి మా నాయన దిక్కు చూసినాడు. ఎప్పుడూ పొగాకు నములుకుంటా ఎగతాళి చేసే మనిషి, ఏమర్థమైందో, దిగొచ్చి, మా నాయన ముందర వీపు చూపించి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మా నాయన ఎరుపు పూసి, దువ్వి, ముడేసినాడు. చేతులు వాటంతట అవే పోయినట్టు ఎడమ పక్కకు, చెవి వెనకాల, రవంత కిందికి. ముందర వరసలో ముసలామె ఒకామె, అది కోమలి కొప్పే మే అనింది. ఇంకొకామె ఆ, అవునే అనింది.

మర్నాడే మా నాయన, మా అత్త కొండకు పోయినారు. నేను పోలా, పోగూడదు గదా. ఆడ జరిగింది మా అత్త చెప్పిందే. కల్యాణకట్టలో కూర్చోని సంచిలోంచి సవరం తీసి చేతుల్లో పెట్టుకున్నాడంట. మంగలాయన, ఇదేందప్పా అన్నాడంట. మా ఇంటామెది, మొక్కు అన్నాడంట. ఆమె యాడ అంటే, లేదు. ఆయన మంచాయనే పాపం, నేనేం చేసేదప్పా, తల మీద ఉండేదానికే గదా కత్తి పెట్టేది, కావాలంటే ఇది హుండీలో ఏసుకో అన్నాడంట. మా అత్త సరే ఆ పని చేద్దాం రా అనింది. మా నాయన లేవలా. ఆ కాలం మొగోళ్ళకు జుట్టుండె గదా, మా నాయనకూ ముడేసుకునే జుట్టుండె, అప్పటికి నెరిసింది. అది విప్పినాడంట. చెంగయ్యకు ఎట్ల కట్టేవాడో అట్ల, దారం పండ్లతో పట్టుకోని, రెండు చేతులూ వెనక్కి పెట్టి, ఆ సవరం తన జుట్టుకు పాయ పాయకూ కలిపి కట్టుకున్నాడంట. నల్లగా వీపు నిండా, నడుము దాకా. కట్టుకోని తల వంచినాడు. చుట్టూ గుండ్లు కొట్టించుకునే జనమంతా చూస్తా ఉండారంట. మంగలాయన చెంబుతో నీళ్ళు పోసి, రెండు జుట్లూ కలిపి తడిపి, గోవిందా అనప్పా అన్నాడంట.

తెల్లదీ నల్లదీ ఒకే కుప్పగా పడిందంట మే. ఏది ఎవురిదో తెలీలా అని చెప్పింది మా అత్త. చెప్పి, ముక్కు చీదుకోని, సంగటి పెట్టుపో మీ నాయనకు అనింది.

మీ నాయన హరినాథ్ పుట్టినాడు ఆ వారంలోనే. ఏ కష్టమూ లేకుండా. స్వామి దయ, ఇంకేమంటా.

మళ్ళా ఏడు భారతానికి మా నాయన చెంగయ్యకు జనప నారతో చేసిచ్చినాడు, మసి పూసి. మీ నాయన్ను ఎత్తుకోని నేనూ పోయినా. తెర వెనకాల చూస్తే ఆయప్ప లేడు. యాడబ్బా అని ఎతికితే ముందర కూర్చోనుండాడు, జనం జతలో, చాప మీద. ఆట అయినాక చెంగయ్య రంగు తుడుచుకుంటా వస్తే, మా నాయన లేచి పోయి ఆయన మొగం దిక్కే చూస్తా నిలబడినాడు.

“ఇన్నేండ్లు నీ మొగం చూడనే లేదు చెంగన్నా. బాగా ఏడుస్తావు.”

చెంగయ్య ఎగతాళికి ఏదో అంటాడని చూస్తిమి. లేదు. మా నాయన భుజం మీద చెయ్యేసినాడు, అట్లే ఇద్దురూ...

ఎవురో వాకిట్లో పిలుస్తా ఉండారు చూడు, పాలాయన అనుకుంటా. గిన్నె తీస్కపో.